హైదో కట్టిన రెండు మూటలు

పొద్దున లేవగానే హైదో చేసే మొదటి పని వంటింటి కిటికీ తెరిచి గుహ వైపు చూడటం. చిన్న ఇత్తడి గిన్నెలో కాఫీ పొడి, నీళ్ళు కలిపి సన్నని మంట మీద పెడుతుంది. నురగ పైకి లేచేలోపు మేకుకు వేలాడే బైనాక్యులర్ తీసి కళ్ళకు ఆనించుకుంటుంది. ఎదురుగా నిటారుగా లేచిన బూడిదరంగు బండ, దాని నడుమ ఏడెనిమిది అంతస్తుల ఎత్తున ఒక గుహ. గుహలో ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన తాళ్ళ మీద పదుల కొద్దీ రుమాళ్ళు, ఎరుపూ పసుపూ నీలమూ. అవి కదలకుండా ఉంటే ఆ రోజు బట్టలు ఉతుకుతుంది. మెలికలు తిరుగుతూ ఎగురుతుంటే అవతలి కోజియాకస్ కొండ మీద మబ్బు పట్టిందని అర్థం. అప్పుడు ఉతుకు మానేసి కుట్టు మిషను ముందు కూర్చుంటుంది. ఈలోగా కాఫీ పొంగి పొయ్యి మీద పడిన రోజులు చాలానే ఉన్నాయి.

కస్త్రాకి ఊరు ఆ బండల పాదాల దగ్గర ఉంది. ఒక్కొక్క బండా నేలను చీల్చుకుని వచ్చి, పక్కదానితో సంబంధం లేనట్టు విడిగా నిలబడి ఉంటుంది. కొన్నింటి నెత్తిన మఠాలున్నాయి. వాటిని చూడటానికి ఎక్కడెక్కడి జనమో బస్సుల్లో వచ్చి దిగి, తలలు వెనక్కి వాల్చి, నోళ్ళు తెరుచుకుని నిలబడిపోతారు. ఊరివాళ్ళకు మాత్రం అవి ఎండ తమ ముంగిట్లోకి ఎన్నింటికి వస్తుందో, ఎన్నింటికి పోతుందో తేల్చే గోడలు.

ఆ వచ్చే ఆడవాళ్ళ నడుములు చూస్తే చాలు, కొలత చెప్పగలదు హైదో. ఎందుకంటే ప్యాంట్లతో వచ్చినవాళ్ళను మఠాల్లోకి రానివ్వరు. గుమ్మం దగ్గర ఒక పెట్టె ఉంటుంది, పెట్టెలో నడుముకు చుట్టుకుని నాడా బిగించుకునే లంగాలుంటాయి. వెళ్ళేటప్పుడు చుట్టుకోవాలి, వచ్చేటప్పుడు విప్పి పెట్టెలో వేయాలి. పైన కన్యాస్త్రీల మఠానికి ఆ చుట్టులంగాలు ముప్పై ఏళ్ళుగా హైదో కుడుతోంది. గుమ్మం దగ్గర కూర్చునే కన్యాస్త్రీ మక్రీనా అమ్మ, మఠంలో కొత్తగా చేరిన రోజుల్లో, చిరిగిన లంగా ఒకటి పట్టుకుని ఈమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అప్పటినుంచి చిరిగినవి కిందికి రావడం, కొత్తవి పైకి వెళ్ళడం. నల్లగుడ్డ మీద పసుపు పూలున్న బట్ట హైదోకు ఇష్టం. నలిగినా తెలియదు, మురికైనా తెలియదు.

విచిత్రమేమిటంటే, ముప్పై ఏళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆ మఠం గుమ్మం దాటలేదు. హైదో పుట్టింది మైదానంలో, పినియోస్ నదికి అవతల, పత్తిచేల మధ్య. అక్కడ అన్నిటికంటే ఎత్తైనది వాళ్ళ నాన్న ట్రాక్టరు. ఇరవయ్యేళ్ళకు పెళ్ళి చేసుకుని ఈ బండల కిందికి వచ్చింది గానీ, ఎత్తంటే ఉన్న భయం మైదానంలో వదిలి రాలేదు. మఠానికి వెళ్ళాలంటే నూట నలభై మెట్లెక్కి, చివర లోయ మీద వేసిన సన్నని వంతెన దాటాలి. మూటను వాకిట్లో పెడితే మఠం డ్రైవరు వచ్చి తీసుకెళ్తాడు. అది చాలనుకుంది.

అలాంటి మనిషికి దొరికిన మొగుడు స్తెర్గియోస్. పద్దెనిమిదో ఏట నుంచి, ఒక్క ఏడాదీ తప్పకుండా, గియోర్గి స్వామి పండగనాడు తాడు పట్టుకుని, స్వామి పటం ఉన్న ఆ గుహలోకి ఎక్కినవాడు. ఊరి యువకులంతా ఎక్కుతారు. ఇంటింటి నుంచీ మొక్కు రుమాలు ఒకటి పైకి వెళ్తుంది, నిరుటివి కిందికి వస్తాయి. పాతవాటిని ముక్కలుగా చింపి జనానికి పంచుతారు. తురుష్కుల కాలంలో స్వామి చెట్టు నరికినవాడికి కాళ్ళూ చేతులూ పడిపోతే, అతని భార్య తన మేలిముసుగు తీసి స్వామికి ఇచ్చిందనీ, అతను లేచి నడిచాడనీ, అప్పటినుంచి ఈ ఆనవాయితీ వచ్చిందనీ ముసలివాళ్ళు చెబుతారు. రుమాళ్ళన్నిటినీ ఒకే మూటగా కట్టి చర్చిలో దీవెన ఇప్పించాలి, మూట మొదట ఎక్కేవాడి వీపు మీద వెళ్ళాలి. విడిగా జేబులో పెట్టుకుని వెళ్ళకూడదు. ఊళ్ళో కుట్టుపని చేసేది హైదో గనక మూట కట్టే పనీ ఆమెదే అయింది.

నలభై మూడేళ్ళు ఎక్కినవాడు, ఒక అక్టోబరు మధ్యాహ్నం సొంత పెరట్లో అక్రోటు చెట్టు దులుపుతూ కిందపడ్డాడు. తుంటి విరిగింది. త్రికాల పట్నంలో ఆపరేషను చేసి లోపల ఇనుము వేశారు. ఎనిమిది నెలలు మంచంలో ఉన్నాడు. నడిస్తే చాలు, అదే గొప్ప అన్నాడు డాక్టరు. ఆ ఎనిమిది నెలల్లో ఒకరోజు, అతను గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్నప్పుడు, హైదో మొక్కుకుంది. పెళ్ళినాడు అత్తగారు తన తలకు కట్టిన రుమాలు, నల్ల కుచ్చుల ఎర్ర ఉన్ని రుమాలు, స్వామికి ఇస్తాను, స్తెర్గియోస్ చేతులతోనే కట్టిస్తాను అని. ఆ మాట చెవినపడ్డ మొగుడు ఇటు తిరిగాడు. మర్నాడు సూపు అడిగాడు.

మొక్కుకున్నాక తెలిసింది ఆమెకు, తను ఏం మొక్కుకుందో. ఆ ఇనుప తుంటితో మనిషిని మళ్ళీ బండెక్కించాలి. ఏడాదికి పైగా గొడవపడి ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక్కసారే ఎక్కుతాడు. నడుముకు రెండో తాడు కట్టుకుంటాడు. రుమాలు కట్టేసి దిగుతాడు. ఆ తర్వాత జన్మలో ఆ బండ జోలికి వెళ్ళడు. రుమాలు కట్టడం కుదరకపోతే మాత్రం మొక్కు తీరనట్టే, వచ్చే ఏడు మళ్ళీ ఎక్కవలసిందే.

ఈస్టరు ఆలస్యమైతే స్వామి పండగా వెనక్కి జరుగుతుంది గానీ, ఆ ఏడు ఈస్టరు ముందే వచ్చి వెళ్ళింది గనక స్వామి పండగ సరిగ్గా తన తేదీకే, ఏప్రిల్ ఇరవై మూడుకే వచ్చింది. లోయంతా ఊదారంగు పూల చెట్లు. తెల్లవారగట్ల నుంచే ఊళ్ళో గొర్రెపిల్లలు ఇనుప కడ్డీల మీద తిరుగుతున్నాయి. ఇద్దరు క్లారినెట్ వాళ్ళు చర్చి మెట్ల మీద కూర్చుని ఎవరి పాట ముందో తేలక పోట్లాడుకుంటున్నారు. హైదో ముందురోజే రెండు మూటలు కట్టి ఉంచింది. ఒకటి మఠానికి లంగాలు. రెండోది తన ఎర్రదానితో కలిపి నలభై ఒక్క రుమాళ్ళు, మడత మడతకూ మధ్య ఎండిన తులసి. రెండింటికీ ఒకే పాత దుప్పటిని చెరిసగం చింపి వాడింది. ఏడున్నరకు మఠం డ్రైవరు హారన్ కొడితే, పొయ్యి మీద పాలకూర రొట్టె చూసుకుంటూ ఒక మూట అందించింది. రెండోది చంకలో పెట్టుకుని చర్చికి వెళ్ళింది. పాదిరి గారు మూట మీద దీవెన నీళ్ళు చల్లారు. నలభై ఒక్క ఇళ్ళవాళ్ళు వంగి ముద్దుపెట్టుకున్నారు.

బండ కింద గడ్డిమైదానంలో ఊరు ఊరంతా చేరింది. మొదట ఎక్కేది స్తెర్గియోస్ అన్నగారి కొడుకు జీసిస్. ముప్పై ఏళ్ళవాడు, చేతులు తాళ్ళలా ఉంటాయి. మూట వీపుకు కట్టుకోబోయి ఆగాడు.

"ఏంటి పిన్నీ, ఈసారి ఊరు దుప్పట్లు మొక్కుకుందా? ఇంత బరువుంది."

"ఏడాదంతా బరువులెత్తే చోటికెళ్ళి నువ్వెత్తింది గాలేనట్రా? ఎత్తు, మాట్లాడకుండా."

"వాడి వల్ల కాకపోతే నాకివ్వండి" అన్నాడు స్తెర్గియోస్. "నాలో ఇనుముంది."

జనం నవ్వారు. జీసిస్ తాడు పట్టుకుని, పాదాలు బండకు తన్ని పెట్టి, బల్లిలా పైకి పాకాడు. వాడి వెనక మరొకడు, మరొకడు. ఐదోవాడు స్తెర్గియోస్. అతను ఎక్కుతున్నంతసేపూ హైదో బైనాక్యులర్ మెడలోనే ఉంచుకుని కళ్ళు మూసుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు చెబుతుంటే వింటూ ఉంది. ఇప్పుడు సగం, ఇప్పుడు ముడి దగ్గర ఆగాడు, ఇప్పుడు మోకాలు పెట్టాడు. చివరికి కేకలు లేచాయి, క్లారినెట్లు రెండూ ఒకేసారి అందుకున్నాయి. ఆమె కళ్ళు తెరిచింది. గుహ అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుని టోపీ ఊపుతున్నాడు. అరవై మూడేళ్ళవాడు, పదమూడేళ్ళవాడిలా.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. మక్రీనా అమ్మ.

"హైదో, ఈ లంగాలు ఎవరి కొలతకు కుట్టావమ్మా? బొమ్మలకా?"

"ఏ లంగాలు?"

"పొద్దున పంపినవి. ఒక్కదానికీ నాడా లేదు. పైగా తులసి వాసన."

హైదో పైకి చూసింది. జీసిస్ అప్పుడే వీపు మీది మూట దించుతున్నాడు. నలభై ఒక్క ఇళ్ళవాళ్ళు ముద్దుపెట్టుకున్న మూట, పాదిరి గారు దీవించిన మూట.

"వాటిని అలాగే ఉంచమ్మా. ముట్టుకోకు" అంది ఫోనులో.

"ఉంచడమేమిటి? గుమ్మంలో బస్సు నిండా జనం. భుజాలు కప్పుకోడానికి కొన్ని ఇచ్చేశాను" అంది మక్రీనా అమ్మ.

చెట్లవతల కోజియాకస్ కొండ నెత్తిన బూడిదరంగు టోపీ ఒకటి కనిపించింది. ఆ మబ్బు అక్కడ కూర్చుందంటే గంటా గంటన్నరలో వాన ఊళ్ళో ఉంటుంది. తడిసిన బండ మీద తాడు పట్టుకుని దిగడం ఎవరి తరమూ కాదు, ఇనుప తుంటివాడి తరం అసలు కాదు. కాబట్టి వాన చుక్క పడేలోపు అందరూ దిగాల్సిందే, రుమాలు కట్టినా కట్టకపోయినా. హైదో ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్తే అక్కడే పట్టుకుని వందమంది వంద ప్రశ్నలు వేస్తారు. పరికిణీ అంచు ఎత్తి పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది.

రోడ్డు మీద, యాత్రికులతో పైకి వెళ్తున్న చిన్న బస్సు వచ్చింది. నడుపుతున్నది ఆమె తమ్ముడు అపోస్తోలిస్. ఆమె రోడ్డు నడుమ చేతులు చాచి నిలబడితే, బ్రేకు వేసి తల బయట పెట్టాడు.

"అక్కా, ఇది టికెట్ కొన్నవాళ్ళ బస్సు."

"నిన్ను ఐదేళ్ళు చంకన మోశాను. అదే నా టికెట్, తలుపు తియ్."

విషయం విన్నాక అపోస్తోలిస్ స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. ఆమె వీపు మీద ఒకటి ఇచ్చాక బస్సు కదిపాడు. మైకు తీసుకుని తనకొచ్చిన నాలుగు భాషల ముక్కలన్నీ కలిపి, మా అక్క స్వామికి తన రుమాలు ఇవ్వబోయి అమ్మగార్ల లంగాలు ఇచ్చింది, ఇప్పుడు మార్చుకోవడానికి వెళ్తోంది అని ప్రకటించాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది. ఎందుకు కొడుతున్నారో తెలియని వెనక వరుసవాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. మలుపు మలుపుకీ బండలు పక్కకి జరిగి కొత్త బండ ఎదురొస్తోంది. ఒకదాని నెత్తిన ఎర్ర పెంకుల కప్పు, ఒకదాని పక్కన పాతకాలంలో మనుషుల్ని పైకి లాగిన వల వేలాడదీసే కొయ్య చక్రం. ఇన్నేళ్ళూ వీటిని కింద నుంచే చూసిన హైదోకు, బస్సు అద్దంలోంచి వాటి భుజాలు కనిపించేసరికి ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. భయమో, మరొకటో తెలియలేదు. ముందు మూడు పెద్ద బస్సులు వరసగా నిలిచిపోతే, అపోస్తోలిస్ హారన్ మీద చెయ్యి తియ్యకుండా పక్క మట్టి మీదుగా దాటించాడు. ఆ డ్రైవర్లు ఏమన్నారో ఇక్కడ రాయడం బాగుండదు.

మెట్లు ఎక్కింది. నూట నలభై. వంతెన దగ్గర ఆగిపోయింది. రెండు బారల పొడవు కూడా లేదు. అయినా కింద ఉన్నది చూస్తే, చెట్లు గడ్డిలా ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఫోనులోనూ వాకిట్లోనూ మాట్లాడిన మక్రీనా అమ్మ అవతలి గుమ్మంలోంచి చూసి, నల్లటి అంగీ ఎగరేసుకుంటూ వంతెన మీదికి వచ్చింది. చెయ్యి పట్టుకోలేదు. వెనక్కి తిరిగి నిలబడింది.

"నా వీపు చూస్తూ రా. నా అంగీకి పడిన అతుకు నువ్వు వేసిందే. ఎంత వంకరగా వేశావో చూసుకో."

హైదో ఆ అతుకునే చూస్తూ నడిచింది. వంకరగా లేదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచేసరికి అవతల ఉంది.

ఆ తర్వాత మఠం ముంగిలి ఒక సంతలా మారింది. ముప్పై నాలుగు రుమాళ్ళు పెట్టెలోనే ఉన్నాయి. ఏడు జనం మీద ఉన్నాయి. మక్రీనా అమ్మ ఇటు, హైదో అటు. ఒకటి గులాబీ మొక్కల దగ్గర ఫొటో దిగుతున్న అమ్మాయి భుజాల మీద దొరికింది. ఒకటి చంటిపిల్ల తోపుడుబండికి ఎండ తగలకుండా కప్పి ఉంది. రెండు కొవ్వొత్తుల దగ్గర, ఒకటి గంట కింద, ఒకటి మంచినీళ్ళ పంపు దగ్గర ఒక పెద్దావిడ చెమట తుడుచుకుంటూ. అడిగినవాళ్ళంతా నవ్వుతూ ఇచ్చారు. మొత్తం నలభై అయ్యాయి. హైదో పెట్టె దులిపింది, పెట్టె కింద చూసింది.

"ఎర్రది. నల్ల కుచ్చులు. ఎవరికిచ్చావు?"

మక్రీనా అమ్మ ముఖం మారింది. ఇచ్చింది తను కాదనీ, పొడుగాటి తెల్లజుట్టు ఆవిడ పెట్టెలోంచి తనే ఏరుకుందనీ, చాలాసేపు మెడకు ఎలా కట్టుకోవాలా అని చూసుకుందనీ, ఇందాకే బయటికి వెళ్ళిందనీ చెప్పింది. తిరిగివ్వడం మరచిపోయినట్టుంది.

మూట చంకన పెట్టుకుని తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద హైదో ఎవరి వీపూ చూడలేదు. అసలు వంతెన సంగతే గుర్తు రాలేదు.

మఠానికి కాస్త కిందుగా, రోడ్డు పక్కన ఒక చదునైన బండ లోయలోకి చొచ్చుకుని ఉంటుంది. కంచె లేదు, గోడ లేదు. వచ్చినవాళ్ళంతా దాని చివరికి వెళ్ళి కూర్చుని ఫొటోలు తీసుకుంటారు. అపోస్తోలిస్ బస్సు ఆపి వేలు చూపించాడు. ఆ చివర, అందరికంటే ముందు, కాళ్ళు లోయలోకి వేలాడేసి కూర్చుని ఉంది తెల్లజుట్టు ఆవిడ. మెడలో ఎర్ర రుమాలు.

"నేను వెళ్ళి తెస్తానక్కా" అన్నాడు.

"నీకెందుకిస్తుంది? దొంగోడివనుకుంటుంది" అంటూ ఆమే దిగింది. నాలుగడుగులు నిలబడి వేసింది. తర్వాత కూర్చుంది. తర్వాత సిగ్గు వదిలి చేతుల మీదా మోకాళ్ళ మీదా పాకింది. చుట్టూ ఉన్న కుర్రకారు ఫోన్లు దించి దారి ఇచ్చారు. చేరుకున్నాక ఆ ఆవిడ చెయ్యి పట్టుకుని మాట్లాడేసింది.

"అమ్మా, అది నా పెళ్ళి రుమాలు. అదుగో మా ఆయన, ఆ గుహలో ఉన్నాడు. తుంటిలో ఇనుముంది. ఇవాళ అది కట్టకపోతే వచ్చే ఏడు మళ్ళీ ఎక్కుతాడు. ఎక్కితే నేను బతకలేను."

ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రుమాలు బాగుందని మెచ్చుకుంటోందనుకుని కుచ్చులు చూపించి తల ఊపింది. హైదో ఇక మాటలు వదిలేసింది. మెడలోని బైనాక్యులర్ తీసి ముందు తను చూసింది. లోయకు అవతల, చాలా దిగువన, గుహ. మూట విప్పినట్టున్నారు. పసుపు పూల నల్లలంగా ఒకటి తాడు మీద రెక్కలు చాచి ఎగురుతోంది. జీసిస్ రెండోదాని నాడా బిగిస్తూ నవ్వలేక వంగిపోతున్నాడు. స్తెర్గియోస్ ఒక్కడే నవ్వడం లేదు. గుహ అంచున చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరి రోడ్డు వైపు చూస్తున్నాడు. హైదో బైనాక్యులర్ తెల్లజుట్టు ఆవిడ కళ్ళకు పెట్టి, తల పట్టుకుని అటు తిప్పింది. తన ఉంగరం చూపించింది. గుహ చూపించింది. రుమాలు చూపించింది.

ఆవిడ చాలాసేపు చూసింది. గాలికి రుమాలు కుచ్చులు ఆవిడ చెంపకు తగులుతున్నాయి. తర్వాత బైనాక్యులర్ దించి, మెడ దగ్గర ముడి విప్పి, రుమాలు తీసి హైదో చేతికి ఇవ్వలేదు. తనే హైదో తలకు కట్టింది, గడ్డం కింద ముడి గట్టిగా వేసింది. వెనక్కి పాకాలంటే రెండు చేతులూ కావాలి కదా. ఆ తర్వాత తనూ పక్కనే మోకాళ్ళ మీద పాకుతూ బస్సు దాకా వచ్చి, ఎక్కి కూర్చుంది. దిగమంటే దిగలేదు. అపోస్తోలిస్ తర్వాత కనుక్కున్నాడు, పోలండులో ఏదో చిన్న ఊళ్ళో టీచరుగా పనిచేసిన మనిషట.

బస్సు కొండ దిగుతుంటే మబ్బు కోజియాకస్‌ని వదిలి నది మీదికి వచ్చేసింది. గడ్డిమైదానంలో క్లారినెట్లు ఆగిపోయి ఉన్నాయి. నలభై ఇళ్ళ ఆడవాళ్ళు నడుముల మీద చేతులేసుకుని గుహ వైపు చూస్తున్నారు. గుహలో ఆరు లంగాలు వరసగా ఎగురుతున్నాయి. హైదో బస్సు దిగగానే అందరూ ఒక్కసారే ఇటు తిరిగారు. తిట్లు మొదలయ్యేవే. అంతలో పైనుంచి స్తెర్గియోస్ గొంతు వచ్చింది. బండకు తగిలి ఊరంతా వినిపించింది.

"హైదో, మూట తెచ్చావా, లేక ఈసారి ప్యాంట్లు పంపిస్తున్నావా?"

మొదట పాదిరి గారు నవ్వారు. ఆయన నవ్వాక తిట్టడం ఎవరికీ కుదరలేదు. మూట చేతులు మారుతూ బండ మొదటికి వెళ్ళింది. పాదిరి గారు మళ్ళీ నీళ్ళు చల్లారు, ఈసారి ముందు ముడి విప్పి లోపల చూసి మరీ. మళ్ళీ ఒకడు వీపున కట్టుకుని ఎక్కేంత వ్యవధి లేక, పైనుంచి తాడు వదిలారు. హైదో తలకున్న ఎర్ర రుమాలు విప్పి, అన్నిటికంటే పైన పెట్టి, తాడు తనే ముడివేసింది. కుట్టుపనివాళ్ళ ముడి, ఎంత లాగితే అంత బిగుస్తుంది. తాడు లాగుతున్నది జీసిస్ కాదు. స్తెర్గియోసే లాగుతున్నాడు, చేయి మీద చేయి వేసి, తొందరపడకుండా. ఈసారి ఆమె కళ్ళు మూసుకోలేదు.

నలభై రుమాళ్ళూ కుర్రాళ్ళు చకచకా కట్టేశారు. ఎర్రది మాత్రం ఆలస్యమైంది. స్తెర్గియోస్ గుహ లోపలికి వెళ్ళి, స్వామి పటం పక్కన ఎక్కడ కట్టాలో చూసుకుని, ఒకచోట కట్టి, విప్పి, ఇంకోచోట కట్టాడు. మైదానంలో జనం మబ్బు వంక చూస్తూ అరుస్తున్నారు. మొదటి చినుకు హైదో ముంజేతి మీద పడింది. అప్పుడు కనిపించింది గుహ నోట్లో ఎర్రటి ముక్క, నల్ల కుచ్చులతో.

దిగడం మొదలుపెట్టాడు. జీసిస్ పైనుంచి రెండో తాడు వదులుతున్నాడు. సగంలో ఒకసారి ఆగి, ఇనుప తుంటి వైపు కాలు సర్దుకున్నాడు. మళ్ళీ కదిలాడు. నేల తగిలాక మోకాళ్ళ మీద కూలబడి, హైదో చేతులు పట్టుకుని లేచాడు.

"పైనుంచి చూశాను" అన్నాడు ఆయాసపడుతూ. "ఆ ఫొటోల బండ అంచున ఏదో ఎర్రగా పాకుతోంది. నువ్వు కాదు కదా?"

"నేనెందుకు పాకుతాను. రుమాలు పాకింది, నేను వెనక వెళ్ళాను."

"నలభై నాలుగోసారి, ఇదే ఆఖరు" అన్నాడు. "నీకిచ్చిన మాట."

చివరివాడు దిగేసరికి వాన కుండపోతగా కురిసింది. లంగాలు విప్పే వ్యవధి ఎవరికీ లేకపోయింది. అందరూ గొర్రె కాలుస్తున్న రేకుల కిందికి దూరారు. పోలండు ఆవిడకు హైదో తన పక్కనే చోటిచ్చి, ఒకే పళ్ళెంలో మాంసం పెట్టి, తనకున్న రుమాళ్ళలో నీలంది తీసి మెడకు కట్టింది. క్లారినెట్ వాళ్ళిద్దరూ చివరికి ఒకే పాట మీద రాజీపడ్డారు.

ఆరు లంగాలు ఏడాది పొడుగునా గుహలోనే ఎగిరాయి. యాత్రికులు బస్సులు ఆపి అదేమి ఆచారమని అడిగేవాళ్ళు. అపోస్తోలిస్ మనిషికొక కథ చెప్పేవాడు. స్వామి తమ మఠానికి రావాలని తయారైనట్టున్నాడు, గుమ్మంలో ఆపే పనుండదు అని మక్రీనా అమ్మ అనేది. మరుసటి పండగకు వాటినీ మిగిలిన రుమాళ్ళతో పాటు దించి, ముక్కలు చేసి పంచారు. ఇప్పటికీ కస్త్రాకిలో సగం ట్రాక్టర్ల అద్దాలకు నల్లగుడ్డ మీద పసుపు పూల పీలిక కట్టి ఉంటుంది.

స్తెర్గియోస్ మళ్ళీ ఎక్కలేదు. పండగనాడు కింద నిలబడి, జీసిస్ ఎక్కే తాడును పట్టుకుంటాడు, ఎక్కేవాళ్ళ కాళ్ళకు వంకలు పెడతాడు. హైదోకు ఇప్పుడు అరవై నాలుగు. మొక్కు రుమాళ్ళ మూట ఇప్పుడు రెండోదానితో కలిసిపోకుండా ఒక ఎర్ర దుప్పట్లోనే కడుతుంది. లంగాల మూట మాత్రం డ్రైవరుకు ఇవ్వడం మానేసింది. ప్రతి శనివారం తమ్ముడి బస్సెక్కి, నూట నలభై మెట్లూ వంతెనా దాటి, తనే తీసుకెళ్ళి ఇచ్చి వస్తుంది.